చిప్పు పుట్టుక, దూడ పుట్టుక

శుక్రవారం పొద్దున ఎనిమిదీ నలభైకి మదనపల్లె నుంచి కెమెరా బిగించే మనిషి పుంగనూరులోని మా ఆవుల కొట్టానికి వచ్చాడు. కొట్టంలో ఉన్నది ఒకటే ఆవు, తొలిచూలుది. రెండు మూడు రోజుల్లో ఈనుతుందని పశువుల డాక్టరు చెప్పాడు. నాకేమో పాల సంఘం తరఫున కుప్పంలో సమావేశం. కొట్టం చేని దగ్గర, ఇల్లు ఊళ్లో. ఎక్కడ కూర్చున్నా ఫోనులో ఆవును చూసుకోవచ్చని కెమెరా కొన్నాను.

పెట్టె మీద కొత్త స్టిక్కరు మెరుస్తోంది, ప్రభుత్వ పరీక్షలో నెగ్గిన సరుకని. గోటితో గీకితే కింద పాత స్టిక్కరు తగిలింది.

"ఇదేందప్పా, చీర మీద చీర కట్టినావు?"

"కొత్త చట్టం వచ్చిండాది అవ్వా. స్టిక్కరు లేకుంటే అమ్మనీరు. లోపలుండేది పాతదే."

నిజాయితీపరుడు.

అప్పటికే నా కోడలు కెమెరాకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, టెంకాయ కొట్టింది. పసుపు సరిగ్గా నంబరు మీద పడింది. పెట్టె మీది నంబరేమో టెంకాయ నీళ్లకు చెరిగిపోయింది. ఫోనుకు కలపాలంటే ఆ నంబరే కావాలి.

"తుడిసెయ్" అన్నాను.

"శుక్రవారం పూట పసుపు తుడిసేదా అత్తా!" అంది కోడలు. అతనూ చెంపలేసుకున్నాడు. ముందురోజు చౌడేపల్లెలో ఇంకొకరికి బిగించి వచ్చిన కెమెరా తాలూకు ఖాళీ పెట్టె సంచిలోంచి తీసి, దాని మీది నంబరు కొట్టాడు.

"అన్నీ ఒకే లోడు అవ్వా, ఏదైనా ఒకటే. పాస్‌వర్డు గూడా అన్నిటికీ ఒకటే."

ఆ పాస్‌వర్డు ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు. ఫోనులో తెల్లటి పొట్టి ఆవు నెమరేస్తూ కనబడింది. మాదీ తెల్లటి పొట్టి ఆవే. ముగ్గురం సంతోషించాం. కెమెరా ముందుకు పోయి చెయ్యి ఊపినవాళ్లు లేరు.

"ఊరికూరికే కొట్టానికి పోవాకు, ఆవు బెదురుతాది. నేను సూస్తాంటాలే" అని కోడలికి చెప్పి బస్సెక్కాను.

కుప్పంలో ఒక అధికారి గంటసేపు ఆ చట్టం గురించే చెప్పాడు. కెమెరా లోపలి చిప్పు ఏ దేశంలో పుట్టింది, ఎవరెవరి చేతులు మారి వచ్చింది, అంతా కంపెనీ రాసివ్వాలట. పెళ్లి సంబంధాలకు కూడా ఇంత విచారణ చెయ్యరు.

"ఇకమీదట మీ కెమెరాను పరాయివాళ్లు చూడలేరు" అని ముగించాడు. చప్పట్లు కొట్టి ఫోను చూశాను. పంచె ఎగగట్టిన మనిషొకడు నా ఆవు పక్కన గొంతుక్కూర్చుని చెంబులోకి పాలు పిండుతున్నాడు.

ఇంకా ఈనని ఆవుకు పాలెక్కడివి?

కోడలికి ఫోను చేశాను. "కొట్టానికి ఉరుకమ్మా. నాకు ఈడ కనపడేది మన ఆవు గాదు."

పావుగంటకు తిరిగి చేసింది. దూడ వెనక కాళ్లతో వచ్చి ఇరుక్కుందట. తల బయటపడేలోపు ఊపిరి పోయిందట. పట్టి లాగే చెయ్యి ఒక్కటి ఉంటే బతికేది.

"ఇంకా వెచ్చగానే ఉండాది అత్తా" అని ఏడ్చింది.

మర్నాడు కెమెరా మనిషి వచ్చి సరైన నంబరు కొట్టాడు. దూడ సంగతి అడిగితే, "సరుకు చట్టం ప్రకారమే ఇచ్చినాం గదవ్వా" అన్నాడు. ఇప్పుడు మా ఆవు చాలా స్పష్టంగా కనబడుతోంది.

పోయినవి: పెయ్యదూడ ఒకటి. దూడ లేక ఆవు చేపలేదు గనక, ఆ ఈత పాలు.