రెండో కాలు

"జర పక్కకు జరుగు చెల్లె, గొలుసు కాలు పొట్టిగ చేస్తున్నం" అని క్రేన్ దగ్గరి మనిషి అరిచేదాకా, మిర్యాలగూడ రైస్ మిల్లు ముందు అలాగే నిలబడిపోయాను. క్రేన్ నుంచి వచ్చే ఆ గ్రీజు వాసన మా నాయిన చొక్కాదే.

నాయిన దామరచర్ల కరెంటు ప్లాంటు కట్టేచోట బరువులకు గొలుసులు తగిలించేవాడు. ఒకసారి అరిగిపోయిన హుక్కు ఇంటికి తెచ్చాడు.

"గొలుసుకు గూడ కాళ్లుంటయి బిడ్డా. ఒక కాలు పొడుగుంటె బరువు ఒరుగుతది. గప్పుడు దాన్ని గీ హుక్కుల ఇరికిచ్చి పొట్టిగ చేస్తం."

"నా కాలు గూడ చేస్తరా?"

"నువ్వే జానెడున్నవ్, ఇంకేం చేస్తరే" అని నవ్వాడు.

ఆ ఎండాకాలమే ఒక బరువు జారి ఆయన మీద పడింది. దవాఖాన నుంచి వచ్చేసరికి కుడికాలు పొట్టిదైంది. నడిస్తే ఒకపక్కకు ఒరిగేవాడు. "ఇగ ఆ పని ఖతం" అని అమ్మ పక్కింటామెతో అంటుంటే విన్నాను. నాకు మాత్రం, దవాఖానలో హుక్కు పెట్టినవాళ్లు ఒక కాలే చేసి రెండోది మరిచిపోయారనిపించింది.

మర్నాడు పొద్దున నాయిన లేవకముందే ఆ హుక్కు తెచ్చి ఆయన ఎడమ పాదానికి తగిలించాను.

"ఏం జేస్తున్నవే?"

"ఇది గూడ పొట్టిగ చేస్తున్న నాయినా, ఒరగకుండ."

ఆయన కాలు వెనక్కి తీసుకోలేదు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఏడుస్తున్నాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం, హుక్కు సరిగా పట్టలేదేమో అనుకుని ఇంకా గట్టిగా గుంజాను.