మా గడప వెన్నెముకైన ఆవు

గద్వాలలో పొద్దున ఆరున్నరకు రావలసిన ప్యాసింజరు ఏడుంబావుకు వచ్చింది. వనపర్తి రోడ్డుకు టికెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఎవరైనా ఇదే బండిలో వెళ్లదలిస్తే ఎడమవైపు కూర్చోండి. ఎండ కుడివైపు కొడుతుంది, కృష్ణ మాత్రం రెండువైపులా కనిపిస్తుంది. ఆ వేసవిలో నీటికంటే బండలే ఎక్కువ కనిపించాయి.

నేను బయలుదేరింది మా ఇంటి గడపను చూడటానికి. ఇల్లు గద్వాలలోనే ఉంది, గడపే ఊరు దాటింది. రెండువేల ఆరో ఏడో సంవత్సరం అనుకుంటాను, పాత ఇల్లు విప్పి స్లాబు వేయించాం. తలుపులు, దూలాలు కొనేవాళ్లు కొనుక్కుపోయారు. గడప మిగిలిపోయింది. ఏళ్ల తరబడి పసుపు పూసి బొట్లు పెట్టిన కట్టెను మా వైపు పొయ్యిలో పెట్టరు. ఇంకొకరి గడపను తమ ఇంటికి బిగించుకునేవాళ్లూ ఉండరు. ఏ గోడకో ఆనించి చెదలకు వదిలేస్తారు. అలా ఆనించిన గడపను వనపర్తి ఖాజామియా అడిగి తీసుకుపోయాడు. అతను బండ్లు చేసే వడ్రంగి. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లబండి చేయించుకునేవాడు లేక, విరిగిన బండ్లు, పారేసిన కట్టె, తుక్కు పోగుచేసి బొమ్మలు చేస్తున్నాడు. "ఏమైతదో నాకే తెల్వది సేటూ. అయినంక కబురు పంపుత" అన్నాడు. కొన్ని నెలలకు కబురొచ్చింది, మా గడప ఆవైందని.

ఎదురు సీటులో అయిజ రైతు ఒకాయన వేరుశనగ విత్తనాల మూట మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు మా గడప సంగతి చెప్పాను. రెండు వందల ఏళ్లనాటి నల్లమల టేకు అనీ, పెకలించడానికి ఎనిమిది మంది పట్టారనీ చెప్పాను.

"ఎనిమిది మందా? అది గడపనా, కోట తలుపా?" అన్నాడాయన.

పాఠకుల దగ్గర దాపరికం ఎందుకు. గడప వయసు నలభై ఏళ్లు. వేపకట్టె. ఖాజామియా ఒక్కడే భుజాన వేసుకుపోయాడు. ఆ మాటకొస్తే నేను సేటునూ కాదు. చీరల దుకాణంలో గుమస్తాగా బతుకంతా గడిపాను. సేటూ అని పిలిస్తే కాదనలేదు, అంతే. చీర పోగు గురించి ఉన్నదాని కంటే పిడికెడు ఎక్కువ చెప్పడం అలవాటై, ఇప్పుడు చీరలు లేకపోయినా నోరు ఆగదు.

ఖాజామియా పేరు వినగానే రైతు మూట మీది కాళ్లు దించాడు. "ఆయన ఆవునా? మా అయిజకు తెచ్చిండు గదా. అంగట్ల నిలబెట్టిండు. జనం పారేసిన ప్లాస్టిక్ కవర్లన్ని ఏరి దాని కడుపుల ఏస్తడు. ఎంత నిండితే మనకు అంత సిగ్గు రావాలని. మావోళ్లు ఏం జేసిన్రు, ఆవు గదా అని మొక్కిన్రు. ఊదుబత్తుల కవర్లు, కుంకుమ పొట్లాలు, అరటిపండ్ల కవర్లు ఆడనే పారేసిన్రు. ఒక్క అంగట్లనే కడుపు నిండింది. ఇగ తీస్కపో తండ్రీ అన్నరు పెద్దలు."

నవ్వబోయి ఆగాను. ఆయన నవ్వడం లేదు.

వనపర్తి రోడ్డులో దిగి, స్టేషన్ బయట గ్లాసు టీ తాగి వనపర్తి బస్సెక్కాను. స్టేషనుకూ ఊరికీ చాలా దూరం. పేరు చూసి మోసపోవద్దు. ఊరు చేరేసరికి పదకొండు దాటింది.

ఖాజామియా ఇంటి వాకిట్లో ఆవు నిలబడి ఉంది. చూసిన తర్వాత కాసేపు నా నోట అబద్ధం కూడా రాలేదు. వెనక కాళ్లు విరిగిన నాగళ్లు, వాటి వంపు వాటికే ఉంది. పక్కటెముకలు బండి చక్రాల ఆకుకర్రలు. కొమ్ములు కాడి చివరలు. చెవులు టైరు ముక్కలు. కళ్ల చోట రెండు సోడా గోలీలు, ఎండ పడినప్పుడు అవి తడిగా ఉన్నట్టు కనిపిస్తాయి. వెన్నెముక మా గడప. తొక్కరాదని ఒకరికొకరు చెప్పుకుంటూనే ఇంటిల్లిపాదీ తొక్కి తొక్కి నడుమ పల్లం చేశాం. ఆ పల్లాన్ని అతను చిత్రిక పట్టి చదును చేయలేదు. ఈతలు ఈని ఈని నడుం వంగిన ముసలి ఆవు వీపు అచ్చం అలాగే ఉంటుంది. పసుపు మరక కూడా గీకలేదు.

పక్కటెముకల సందుల్లోంచి కడుపులో కవర్ల ముద్ద కనిపించింది.

"అయిజవి తీసేసిన. అవి మా ఎర్రావువి" అన్నాడు ఖాజామియా. "మేత మానేసింది. పశువుల డాక్టర్ సచ్చినంక కోసి తీసిండు. పెండ గాదు, గడ్డి గాదు, గివే. కడిగి పెట్టిన. ముందుగాల గవి ఉండాలె."

అతని భార్య జైనబ్బీ జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. పెడుతూనే ఆవు వైపు గరిటె చూపించింది. "రేపు నాగర్‌కర్నూల్ అంగడికి తీస్కపోతుండు అన్నా. ఆడనుంచి గూడ ఎనుకకొస్తే నేను ఊకోను. బిడ్డ పెండ్లి దావత్‌కు పొయ్యిల పెడ్త."

"గడప కట్టె పొయ్యిల పెట్టరాదమ్మా" అన్నాను.

"గదొక్కటి ఇడిసిపెడ్త. మిగిలింది మస్తు మండుతది."

ఖాజామియా రొట్టె తుంచుతూ తల ఎత్తలేదు. ఆమె అన్నంత పని చేస్తుందని అతనికి తెలుసు.

ఆ రాత్రి వాకిట్లో నులకమంచం నాది. దోమలున్నాయి, వెళ్లేవాళ్లు దుప్పటి తీసుకెళ్లండి. తెల్లవారి ట్రాక్టరు ట్రాలీలో ఆవును తాళ్లతో కట్టి, బిజినేపల్లి మీదుగా తొమ్మిదింటికి నాగర్‌కర్నూల్ అంగడి చేరాం. అంగడి పెద్ద రాంరెడ్డి ఆవు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అయిజల ఏమైందో ఇన్నం. గీడ గూడ గట్ల నిండిందనుకో, సందేల్ల ట్రాక్టర్ ఎక్కియ్యాలె. ఏమంటవ్ ఖాజామియా?"

"గంతే పటేలా."

అంతవరకు బాగానే ఉంది. జనం మూగి ఇదేం ఆవని అడుగుతుంటే ఖాజామియా తాళ్లు విప్పే పనిలో ఉన్నాడు. ఖాళీగా ఉన్నది నా నోరు. "నూటొక్క ఇండ్ల గడపలు కలిపి చేసిన ఆవు" అన్నాను.

ఆ మాట మిరపకాయల వరస దాటి కుండల వరసదాకా పోయింది. పావుగంటలో ఆడవాళ్లు వరస కట్టారు. చేతుల్లో కుంకుమ పొట్లాలు, కొబ్బరికాయలు, అన్నీ నల్ల కవర్లలో. ఖాజామియా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరవలేను. తిట్టలేదు. తాడు చుట్టచుట్టి పక్కన పెట్టాడు, మళ్లీ కట్టాల్సిందే కదా అన్నట్టు.

ట్రాలీ ఎక్కి అరిచాను, "అమ్మా, నేను ఎక్కువ చెప్పిన. నూటొక్కటి లేవు. ఒక్కటే. మా ఇంటిది."

వరసలో ముందున్న ముసలామె బాలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఒక్కటైతే గడప గాదా? జర జరుగు" అని మా గడపకు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఖాళీ కవరును ఆవు కాళ్ల దగ్గర వదలబోయింది.

అప్పుడు ఖాజామియా లేచాడు. "అమ్మా, కింద పారేయకు. పారేసినంక ఆవు తినేది గదే. పసుపు పెట్టినవ్, గా చేత్తోనే తినిపియ్యి."

ఆవు నోరు తెరిచే ఉంది. బాలమ్మ కవరు పట్టుకున్న చేయి నోటిదాకా పోయింది. పక్కటెముకల వెనక ఎర్రావు కవర్లు కనిపిస్తున్నాయి. ఆమె వాటిని చూసింది, సోడా గోలీ కళ్లను చూసింది. చేయి వెనక్కి తీసుకుంది.

"ఆవుకు ఇసం పెట్టమంటవా? నా చేత్తోని?"

"నేను పెట్టమంటలేనమ్మా. రోజు పెడ్తనే ఉన్నం."

బాలమ్మ కవరు మడిచి కొంగుకు ముడేసుకుంది. పక్కకు తప్పుకోకుండా అక్కడే నిలబడి, వెనకున్నామెతో "నువ్వు గూడ ముడేసుకో" అంది. ఆ తర్వాత వరసంతా ఆమె చేతిలోనే ఉంది. మధ్యాహ్నానికి కుంకుమ అంగడి అతను తిట్టుకుంటూ కాగితం పొట్లాలు కట్టసాగాడు. కవరుంటే బాలమ్మ జరగనివ్వడం లేదట. ఒక్క కవరూ పడలేదని చెబితే అది నా పాత జబ్బే అవుతుంది. పడ్డాయి. సాయంత్రం ఖాజామియా అన్నీ ఏరి కడుపులో వేశాడు. సగం కూడా నిండలేదు.

రాంరెడ్డి వంగి చూశాడు. "ఉండనియ్యి. పై వారం అంగడికి మల్ల జూద్దాం" అన్నాడు.

ట్రాక్టరును ఖాళీగా పంపి ఇద్దరం వనపర్తి మీదుగా గద్వాల పోయే బస్సెక్కాం. ఖాజామియా కిటికీలోంచి వెనక్కే చూస్తూ కూర్చున్నాడు. వాన వస్తే తడుస్తుందేమో అన్నాను. తడిస్తే ఏంకాదు, బండికట్టె అన్నాడు. నేను చూసిన చేతిపనుల్లో ఇంత గొప్పది లేదని చెప్పాను. నా మాట మీద నమ్మకం లేకో ఏమో నవ్వి ఊరుకున్నాడు. ఆ మాట మాత్రం చీర బేరంలో చెప్పినది కాదు.

వనపర్తిలో దిగేముందు అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"పశువును సాదినోడు దాని కడుపు నిండాలని మొక్కుతడు సేటూ. దీనికి మాత్రం నిండొద్దని మొక్కుతున్న."

బస్సు కదిలింది. గద్వాల చేరేదాకా పక్క సీటు ఖాళీగానే ఉంది. మాట్లాడటానికి ముందు సీట్లో మనుషులున్నారు గానీ, ఎందుకో ఎవరినీ పలకరించలేదు.