సంఘంలో ఉన్నారా?

తెలుగులో నాకు ఒకరు చెప్పాల్సింది లేదని గట్టి గర్వం ఉండేది. బెజవాడలో పుట్టి పెరిగిన దాన్నే అయినా, నా ముస్లిం పేరు వినగానే "అబ్బో, తెలుగు భలే మాట్లాడతారండీ మీరు" అనేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. మా తాతముత్తాతలు తాగింది కూడా ఈ కృష్ణా నీళ్లే కదా, ఇంకేం భాష మాట్లాడతాం? అందుకే ఒక సర్వే ఆఫీసులో ఫారాలు తెలుగు చేసే పని దొరికితే, దానికి నాకంటే తగిన మనిషి లేదనుకున్నాను.

ఒకసారి ఒక విదేశీ సంస్థ నుంచి ఫారం వచ్చింది. ఏ దేశంలో పనివాళ్లకు ఏ హక్కులు అందుతున్నాయో, యజమానులు ఎంత బాధ్యతగా ఉంటున్నారో కొలిచి, దేశాలన్నిటినీ ఒక పట్టికలో పెట్టే సంస్థ అది. మా వంతుకు మంగళగిరి మగ్గాలు వచ్చాయి. అందులో "యూనియన్‌లో సభ్యులా?" అని ఒక ప్రశ్న. చక్కని తెలుగు మాట ఉండగా యూనియన్ ఎందుకు? "మీరు ఏదైనా సంఘంలో ఉన్నారా?" అని రాసి, నన్ను నేనే మెచ్చుకున్నాను.

అడగడానికీ నేనే వెళ్లాను. నాలుగు రోజులు తిరిగాను. ఏ ఆడమనిషిని అడిగినా ఒకటే జవాబు: "ఉన్నామండీ, సంఘంలో లేకపోతే ఎట్లా?" ఫారం మీద ఫారం 'అవును' అని టిక్కు పెడుతుంటే నా సంతోషం ఇంతా అంతా కాదు. మా వైపు ఆడవాళ్లంటే ఏమనుకున్నారు మరి!

వారం తర్వాత హైదరాబాద్ నుంచి మా సూపర్‌వైజర్ ఫోన్ చేశారు.

"మేడమ్, మంగళగిరిలో యూనియన్‌లో లేనివాళ్లు ఒక్కరు కూడా లేరా? అవతలివాళ్లు నమ్మట్లేదు. శుక్రవారంలోపు తేల్చకపోతే ఆ ఫారాలన్నీ పక్కన పెట్టేస్తారంట."

"మావాళ్లకు చైతన్యం ఉంటే వాళ్లకెందుకండీ కడుపుమంట?" అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆలోచనలో పడ్డాను. ఆ ఫారాలు పోతే, మగ్గం ఆపి మరీ నాకు జవాబులు చెప్పినవాళ్లు ఆ పట్టికలో అసలు లేనట్టే.

మర్నాడు పొద్దున్నే మంగళగిరి బస్సెక్కి, మొదట తిరిగిన షెడ్డుకే వెళ్లాను. నూలిచ్చి నేయించుకునే ఒక షావుకారు షెడ్డు అది. ఎనిమిది గుంటమగ్గాల మీద ఎనిమిదిమంది ఆడవాళ్లు నేస్తారు. అందరిలోకీ పెద్దావిడను నేను పిన్నిగారూ అని పిలుస్తాను.

"పిన్నిగారూ, మీరు ఉన్నానన్నారే, అది ఏ సంఘం?"

"డ్వాక్రా సంఘమేనమ్మా. మాకింకేం సంఘం ఉంటది?"

పక్క మగ్గం ఆవిడ తలెత్తి, "నేను చెప్పింది మా భజన సంఘం గురించండీ" అంది. ఆ వెనకావిడ, "నాది కులసంఘం" అంది.

మా అమ్మీ కూడా నెలనెలా "సంఘానికెళ్లొస్తా" అనే కదా బయల్దేరుతుంది! ఇంట్లో రోజూ వినే మాట నా తలకు తట్టలేదు. ఇదీ నా తెలుగు గొప్ప. జరిగిన పొరపాటు చెప్పి నాలుక కరుచుకుంటే, షెడ్డంతా నవ్వులు. నేనూ కళ్లు తుడుచుకుంటూ నవ్వాను.

"సరేగానీ, ఆ దొరలు అడిగేదేంటో మాకర్థమయ్యేట్టు చెప్పు" అంది పిన్నిగారు.

"ఇక్కడ ఇబ్బంది వస్తే, మీ అందరి తరఫునా షావుకారుగారిని అడిగే మనుషులు ఉన్నారా అని."

ఆవిడ మగ్గం ఆపింది. "లేరమ్మా. ఆ బాత్‌రూమ్ సంగతే చూడు. తాళంచెవి షావుకారుగారింట్లో ఉంటది, రెండు వీధులవతల. ప్రతిసారీ పోయి అడగాలంటే సిగ్గు. అందుకని పొద్దున్నుంచి నీళ్లు తాగటమే మానేశాం."

"తాళంచెవి ఇక్కడే ఉంచమని అడగలేదా?"

"ఎవరడుగుతారు?"

షెడ్డులో, ఇళ్లలో అందర్నీ మళ్లీ అడిగి, నా దగ్గరున్న కాపీల్లో ఒక్కో 'అవును' కొట్టేసి 'లేరు' అని రాసుకుంటూ పోయాను. గురువారం పంపాను. వెంటనే ఒప్పుకున్నారు. ఫారాలు నిలిచినందుకు సంతోషమే గానీ, లేరంటేనే నమ్మారన్నది మనసులో ముల్లులా ఉండిపోయింది.

పది రోజులకు పిన్నిగారి ఫోన్.

"అమ్మాయ్, ఫారాలు పంపేశావా? ఒక మాట మార్చాలే."

మళ్లీ ఏం తప్పు రాశానో అని హడలిపోయాను.

"నువ్వెళ్లాక అందరికీ అదే మాట. ఎవరడుగుతారు, ఎవరడుగుతారు అని. నిన్న ఎనిమిదిమందిమీ లేచి షావుకారుగారింటికెళ్లాం. గుమ్మంలో ఇంతమందిని చూసి ఆయనే కంగారుపడ్డాడు. తాళంచెవి ఇచ్చేశాడు. ఇప్పుడు మా షెడ్డు గోడకే ఉంది. లేరని రాశావుగా, ఉన్నారని రాసుకో."

సూపర్‌వైజర్‌ను బతిమాలాను. ఈ ఏటికి లెక్క ముగిసిందన్నారు. ఆ మాట ఎలా చెప్పాలా అనుకుంటూ ఆదివారం మంగళగిరి వెళ్లాను. షెడ్డులోకి అడుగుపెట్టగానే గోడమీద మేకుకు తాళంచెవి కనిపించింది. చెప్పాల్సింది చెప్పాను.

"పోనీలేమ్మా, వాళ్లకి వచ్చే ఏడు తెలుస్తది" అని పిన్నిగారు నాకు మంచినీళ్ల సీసా అందించింది. తాగుతూ చూశాను. ఒక్కో మగ్గం పక్కన ఒక్కో నీళ్ల సీసా ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు ఆ షెడ్డులో ఒక్కటి కూడా లేదు.