కుడి నుంచి చూడాల్సిన చిత్తడి నేల

2023లో నా సైట్ అమెరికాలో మోరిస్‌విల్ అనే ఊరికి అరగంట దూరంలో ఉన్న ఒక చిత్తడి నేల. నేను వెట్‌లాండ్ ఎకాలజిస్ట్‌ని, అంటే బురదలో దిగి మొక్కలు లెక్కపెట్టేదాన్ని. అప్పటికి ఆరేళ్లుగా ప్రతి జూన్‌లో అదే చోట క్వాడ్రాట్, అంటే మీటరు కొలత గల చదరపు ఫ్రేము, వేసి తుంగ కాడలు లెక్కపెట్టాను. ఏటికేడు తగ్గుతూ వచ్చాయి. పక్కన షాపింగ్ సెంటర్ పార్కింగ్ లాట్ నూనెంతా వానకి అందులోకే కొట్టుకొస్తుంది, ఇంకెలా బతుకుతాయి!

నా లెక్కల్ని బొమ్మగా మార్చినావిడ లిన్ గారు, చైనా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పెద్దావిడ. ఆవిడ గీసేది హ్యాండ్‌స్క్రోల్. పొడుగాటి కాగితపు చుట్ట అది, బల్ల మీద పెట్టి కుడి నుంచి ఎడమకి మూరెడు మూరెడు విప్పుతూ చూడాలి. నేను డెబ్బై కాడలు లెక్కపెడితే ఆవిడ సరిగ్గా డెబ్బై గీతలే గీసేవారు. కుడి చివర మొదటి ఏడాది, దట్టంగా తుంగ. ఎడమ చివర ఆరో ఏడాది, తొమ్మిది గీతలు.

"మా బొమ్మల్లో ఖాళీ అంటే నీళ్లు, మంచు. ఇక్కడ మాత్రం నిజంగానే ఏమీ లేదు" అనేవారు.

ప్రదర్శన కోసం గ్యాలరీ వాళ్లు దాన్ని మొత్తం విప్పి గోడకి పెట్టారు. ఓపెనింగ్ రోజు మా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు, గుంటూరులో అగ్రికల్చర్ ఆఫీసర్‌గా రిటైరైన మనిషి, బొమ్మంతా చూసొచ్చి నా భుజం తట్టారు.

"శభాష్ అమ్మా! వట్టి బురదని మళ్లీ తుంగతో నింపారే!"

"ఎవరు నింపారు అంకుల్?" అన్నాను తెల్లబోయి.

ఆయన తలుపు వైపు చూపించారు. తలుపు ఎడమ పక్కనుంది, లోపలికి వచ్చినవాళ్లకి ముందు కనిపించేవి ఆ తొమ్మిది గీతలే. దాని పక్కనే పెద్ద అక్షరాలతో బోర్డు: 'మళ్లీ చిగురించిన చిత్తడి.'

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ నేల పక్కన ఇంకో పార్కింగ్ లాట్‌కి పర్మిట్ ఇవ్వాలా వద్దా అని వారంలో సిటీ కౌన్సిల్ హియరింగ్. అంతకు ముందే కౌన్సిల్ వాళ్లు ఈ బొమ్మ చూడటానికి వస్తున్నారు. బాగుపడిందని అనుకుని వెళ్తే ఇంకేముంది, దాని పని అయిపోయినట్టే!

గ్యాలరీ డైరెక్టర్‌ని పట్టుకున్నాను. "చచ్చిపోతున్న నేలని బతికిందని ఎలా రాస్తారు?"

"జనం హోప్‌ఫుల్‌గా బయటికి వెళ్తున్నారు, తప్పేముంది?" అన్నాడు నింపాదిగా. "అయినా ఆ టెక్స్ట్ మీకు పంపాం. మీరే ఓకే చేశారు."

ఫోన్ తీసి చూశాను. నిజమే. అటాచ్‌మెంట్ తెరవకుండానే 'లుక్స్ గుడ్' అని కొట్టి పంపేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. అలాగని డైరెక్టర్ మీద కోపం వీసమెత్తు తగ్గలేదు.

లిన్ గారికి చెప్తే నన్ను ఒక్క మాట అనలేదు. కౌన్సిల్ వాళ్లు వచ్చిన రోజు పొద్దున్నే "నా బొమ్మ, నా ఇష్టం" అని డైరెక్టర్ నోరు మూయించి, గోడ మీంచి దింపించి బల్ల మీద పెట్టించారు. కుడి నుంచి మొదలుపెట్టారు. ఎడమ చేత్తో కొత్త భాగం విప్పుతుంటే, చూసేసిన తుంగంతా కుడి చేతిలో చుట్టుకుపోతోంది. ఒక్కో ఏడాది లెక్క నేను చదివాను, చివరి తొమ్మిది దాకా.

"మొదటి భాగం మళ్లీ చూపిస్తారా?" అంది ఒక కౌన్సిల్ మెంబర్.

"చూపిస్తాను. ఇది కాగితమే కదా, వెనక్కి తిప్పొచ్చు" అన్నారు లిన్ గారు.

పర్మిట్ ఆపారు, ప్రస్తుతానికి. లెక్క సరిగ్గా తీసినంత మాత్రాన నా పని అయిపోదని, దాన్ని జనం ఎటు నుంచి చూస్తారో చూసుకోవడం కూడా నా పనేనని ఆ రోజు తెలిసొచ్చింది. ఆ గ్యాలరీ షాపులో 'చిగురించిన' కేటలాగ్ మాత్రం ఇంకా అమ్ముతూనే ఉన్నారు. వెళ్లినప్పుడల్లా దొరికిన ప్రతి కాపీ మీదా ఆ పేరు పెన్నుతో కొట్టేసి, కింద మొన్న జూన్ లెక్క రాసి వస్తున్నాను: ఏడు.