నెమ్ము చేసిన ఛాతీలో నీళ్ళు

మా వదిన లెక్కలో నెమ్ముకు మందు ఒకటే, నీళ్ళకు దూరంగా ఉండటం. వదినంటే మా ఆయన అక్క, కారంపూడిలో ఉంటుంది. నెమ్ము చేసిన మనిషి తలస్నానం చెయ్యకూడదు, పెరుగు ముట్టకూడదు, ఫ్యాను కింద పడుకోకూడదు. తల్లి లేని తమ్ముణ్ణి ఆమె ఈ చట్టం కిందే పెంచింది. ఆయన బతికి బట్టకట్టి, నరసరావుపేటలో మోటారు వైండింగ్ షాపు పెట్టుకుని, నన్ను పెళ్ళి చేసుకునేదాకా వచ్చాడు కాబట్టి చట్టంలో లోపం ఉందని ఎవరమూ అనలేకపోయేవాళ్ళం.

మొన్నటి చలికాలం ఆయనకు జ్వరం, దగ్గు పట్టుకుని ఆయాసం దాకా వచ్చింది. ఆసుపత్రిలో చేర్చానని ఫోన్ చేస్తే వదిన మొదటి బస్సుకే దిగింది. రాగానే ఏసీ ఆపమంది. నర్సు కుదరదంటే తమ్ముడి చెవులకు తువ్వాలు చుట్టి, దాని మీదుగా ఆక్సిజన్ మాస్కు సరిచేసింది. నర్సు వచ్చి తువ్వాలు తీసేది, ఆమె వెళ్ళాక వదిన మళ్ళీ చుట్టేది. ఇద్దరూ ఒక్క మాట అనుకోకుండా ఈ పని చేసుకుంటూ పోయారు.

గొంతులోంచి పుల్లతో తీసిన పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. యాంటీబయాటిక్‌లు ఎక్కిస్తూనే ఉన్నారు, ఆయాసం మాత్రం పెరుగుతోంది. అప్పుడు డాక్టరు మమ్మల్ని బయటికి పిలిచి చెప్పాడు. వైరస్ గొంతులో దొరక్కపోయినా కింద ఊపిరితిత్తుల్లో ఉండొచ్చట. ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి, ఊపిరితిత్తిలో ఒక మూల కాస్త సెలైన్ నీళ్ళు పోసి, వెంటనే వెనక్కి లాగి, ఆ నీటిని పరీక్షకు పంపుతారట. స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అన్నది దాన్ని బట్టి తేలుతుందట. పరీక్ష తర్వాత ఆయాసం ఎక్కువై వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చు, అది కూడా ముందే చెబుతున్నానన్నాడు.

వదిన ఆ నీళ్ళు పోయడమన్న మాట దగ్గరే ఆగిపోయింది. నెమ్ము చేసిన ఛాతీ మీద తడిగుడ్డ కూడా వెయ్యనివ్వని మనిషి ఆమె. నీళ్ళు లోపలే పోస్తామనే డాక్టరును మొదటిసారి చూస్తోంది. ఆయన చదువుకున్నది ఎక్కడో అడిగి తెలుసుకోమని నాతో అంది. ఆయన మా ఎదురుగానే ఉన్నాడు.

సంతకం నేనే పెట్టాలి. పెట్టకపోతే మా ఆయన ఏ జబ్బుతో పోతున్నాడో కూడా తెలియకుండా పోతాడు. పెట్టాక ఏదన్నా అయితే, వదిన పెంచిన పిల్లాణ్ణి నేను చంపినట్టు. భయమేసిందని చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

తేల్చింది మా ఆయనే. విషయం చెబితే మాస్కు కొంచెం పక్కకు జరిపి, ఆగి ఆగి మాట్లాడాడు.

"అక్కా, మన కాలవ కాడ పంపులో ముందు నీళ్ళు పొయ్యకుండా మోటారేస్తే ఏనాడన్నా లాగిందా?"

"నువ్వు మోటారువి కాదురా" అంది వదిన. కాసేపు తువ్వాలు మడతపెడుతూ కూర్చుంది. తర్వాత లేచి డాక్టరు దగ్గరికి వెళ్ళి, గోరువెచ్చగానే పోస్తారా అని అడిగింది. గోరువెచ్చగానే పోస్తామన్నాడు. నేను సంతకం పెట్టాను.

పోసినదాంట్లో సగమే వెనక్కి వచ్చింది. మిగతా సగం ఏదని వదిన అడిగింది. ఊపిరితిత్తే పీల్చుకుంటుందని చెప్పారు. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

సాయంత్రానికి ఆయాసం ఎక్కువైంది. ఆక్సిజన్ పెంచారు. తగ్గకపోతే వెంటిలేటరేనని డాక్టరు ఇంకోసారి చెప్పి వెళ్ళాడు. ఈలోగా కబురు ఊళ్ళో తిరిగినట్టుంది, మా ఆయన వాళ్ళ బాబాయి నాకు ఫోన్ చేశాడు. నెమ్ము మనిషికి నీళ్ళు పొయ్యమన్నది ఎవరమ్మా అన్నాడు. వదిన ఫోన్ లాక్కుంది.

"నేనే పొయ్యమన్నా బాబాయ్. ఏందంట ఇప్పుడు?"

జవాబు కోసం ఆగకుండా పెట్టేసింది. వెళ్ళి మళ్ళీ తమ్ముడి చెవులకు తువ్వాలు చుట్టింది.

తెల్లారేసరికి ఆయాసం కొంచెం నెమ్మదించింది. వెంటిలేటర్ మాట మళ్ళీ రాలేదు. పరీక్షలో ఫ్లూ వైరస్ అని వచ్చింది, గొంతులో కనపడనిది కింద పుష్కలంగా ఉందట. యాంటీబయాటిక్‌లు ఆపేశారు, స్టెరాయిడ్ మాటే మానేశారు, వైరస్ మందు మొదలుపెట్టారు. ఆలస్యమైంది గానీ పనిచేస్తుందన్నారు, చేసింది. మమ్మల్ని కూడా మాస్కు లేకుండా దగ్గరికి రావద్దన్నారు. వదిన మాస్కు మీద కొంగు కూడా కట్టుకుంది.

ఇంటికి తీసుకొచ్చాక పలకరించడానికి బత్తాయిలు పట్టుకుని చుట్టాలు దిగారు. బాబాయీ వచ్చాడు. ఆ నీళ్ళ పరీక్ష చెయ్యబట్టే మనిషి దక్కాడని మంచం మీద ఉన్న మా ఆయనే అందరికీ చెప్పాడు. మంచి పని చేశావే అని బాబాయి వదినను మెచ్చుకున్నాడు.

"నేనెక్కడ? నేను చానా వద్దన్నా. ఇదిగో, ఇదే సంతకం పెట్టి పొయ్యించింది" అంది, నన్ను చూపిస్తూ.

నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. వదిన వెనకే వచ్చి చూసి, బయట అందరూ టీల కోసం కూర్చున్నారని చెప్పి, పాలు పొయ్యి మీద పెట్టింది.