ఐదు జేబుల ఓవరాలు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాన్న ఎప్పుడైనా తెరిచి చూస్తాడేమోనని డైరీలో కూడా రాయలేదు. మద్రాసు కంపెనీకి పంపిన ఫారంలో మా తమ్ముడి కొలతలకు బదులు నా కొలతలు రాసింది నేనే. పొరపాటున కాదు, కావాలనే.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు, తమ్ముడికి ఎనిమిది. నాన్న నరసరావుపేటలో ఒక పత్తి మిల్లులో ఇంజను చూసేవాడు. మిల్లుకు కావలసిన పనిముట్లు, పనివాళ్ళ బట్టలు పోస్టులో పంపే కంపెనీ ఒకటి మద్రాసులో ఉండేది. అది ఏటా ఒక క్యాటలాగు పంపేది. పాతబడ్డాక నాన్న దాన్ని ఇంటికి తెచ్చేవాడు. అమ్మ ఆ కాగితాలు చింపి డబ్బాల అడుగున పరచబోతే నేను లాక్కొని నా పెట్టెలో దాచుకునేదాన్ని. కథల పుస్తకం ఏదైనా నాలుగిళ్ళు తిరిగి నా దగ్గరకు వచ్చేసరికి చివరి పేజీలు ఉండేవి కావు. క్యాటలాగుతో ఆ బాధ లేదు. ఎక్కడ తెరిస్తే అక్కడే మొదలు.

చివర్లో పిల్లల పనిదుస్తుల పేజీ ఉండేది. మూడేళ్ళ క్యాటలాగులు నా దగ్గర ఉన్నాయి కాబట్టి ఆ పేజీ చరిత్ర నాకు బాగా తెలుసు. మొదటి ఏడు, నీలం ఓవరాలు, అంటే ఎద దాకా వచ్చే లాగు, వేసుకున్న దొరల పిల్లవాడు పూలమొక్కలకు నీళ్ళు పోస్తుంటాడు. ఆడుకునేటప్పుడు బట్టలు మాయవని కింద రాశారు. మరుసటి ఏడు వాడి చేతికి సుత్తి వచ్చింది. బొమ్మ కింద మాట కూడా మారింది: అచ్చం నాన్నలాగే. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక నీలం పోయి ఖాకీ వచ్చింది, పిల్లవాడు సెల్యూట్ చేస్తున్నాడు. ఎన్ని మారినా జేబులు మాత్రం ఐదే. ఎద మీద ఒకటి, పక్కల రెండు, వెనక రెండు. ఎద మీది జేబులో పెన్సిలుకు సన్నటి అర కూడా ఉండేది. ఆ పేజీలో ఏ ఏడూ ఆడపిల్ల లేదు.

నా పరికిణీకి ఒక్క జేబైనా లేదు. పెన్సిలు ముక్క జడలో గుచ్చుకునేదాన్ని. ఏదైనా రాసుకున్న కాగితం రవికెలో దాస్తే, బడి చేరేలోపు చెమటకు అక్షరాలన్నీ అలుక్కుపోయేవి.

తమ్ముడు మిల్లుకు వెళ్ళినప్పుడల్లా ఒంటినిండా గ్రీజు పూసుకొని వస్తున్నాడని అమ్మ గోలపెట్టేది. చివరికి నాన్న ఓవరాలు తెప్పిస్తానన్నాడు. అమ్మ వాణ్ణి నిలబెట్టి నూలుదారంతో కొలిచింది. ఎద దగ్గర ఒక ముడి, నడుము దగ్గర ఒకటి, భుజం నుంచి మడమ దాకా ఒకటి. ఆ దారాన్ని అడుగుబద్ద మీద పరిచి ఫారంలో అంగుళాలు రాయడం నా పని. నేను వంటింటి తలుపు వెనక్కి పోయి, ఇంకో దారం నా చుట్టూ చుట్టుకొని ముడులు వేసి, ఆ అంగుళాలే ఫారంలో రాశాను. వచ్చింది తమ్ముడికి పెద్దదైతే ఇక నాకే ఇస్తారు కదా అనుకున్నాను.

పోస్టు బంట్రోతు పార్సిలు తెచ్చిన రోజు నాన్న వాకిట్లోంచి "ఓవరాలు వచ్చింది!" అని కేకేశాడు. వినికిడి తక్కువైన నాయనమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"ఎవరాలు వచ్చిందిరా?"

"ఓవరాలే అమ్మా, ఓవరాలు!"

"అదేరా, ఎవరి ఆలు? మొగుడు కూడా వచ్చాడా, ఒక్కతే వచ్చిందా?"

మేమంతా కడుపులు పట్టుకొని నవ్వాం. తమ్ముడు తొడుక్కున్నాక ఇంకా నవ్వాం. ఎద మీది జేబు వాడి బొడ్డు దగ్గరకు దిగింది, కాళ్ళు నేల ఊడుస్తున్నాయి.

"నాన్నా, ఇందులో ఇంకోణ్ణి కూడా ఎక్కించుకోవచ్చు" అన్నాడు వాడు.

నేను ధైర్యం చేసి, "పోనీ నేను..." అన్నాను.

"నువ్వేందే? లాగు తొడుక్కొని యాడికి పోతావు, ఇంజను తోలతావా?" అంది అమ్మ.

నాన్న మాత్రం నవ్వు ఆపి నా వైపు తిరిగాడు. "ఏమే, ఇంగ్లీషులో ఉత్తరం రాయి. మేం రాసిన కొలతేంది, మీరు పంపిందేంది అని గట్టిగా అడుగు. మన ఫారం తిప్పి పంపమను, వాళ్ళ సంగతి తేలుద్దాం."

ఆ ఫారం తిరిగొస్తే అందులో ఉండేది నా రాతే, నా కొలతలే.

"ముందు టైలరుకు చూపించండి" అని అమ్మ అనడంతో ఉత్తరం ఒక పూట ఆగింది.

టైలరు మా పక్క వీధిలో ఉండే సాయిబు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయనకు అంకెలు రావు. ఎవరి కొలత వాళ్ళ దారంలోనే ఉండేది. ముడులు వేసి, గుర్తుకు వాళ్ళ గుడ్డ పీలిక ఒకటి కట్టి, గోడకు మేకు కొట్టి వేలాడదీసేవాడు. నాన్న, తమ్ముడు, నేను వెళ్ళేసరికి ఆయన మిషను ముందు ఉన్నాడు. ఓవరాలు బల్ల మీద పరిచి తమ్ముడి దారం పెట్టాడు. ఎక్కడా అందలేదు. కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, నా ఆకుపచ్చ రవికె పీలిక కట్టిన దారం దించి పరిచాడు. ఎదకు ఎద, నడుముకు నడుము, ముడులు సరిగ్గా కూర్చున్నాయి.

ఆయన నా వంక చూశాడు. నేను నేల మీది గుడ్డముక్కల వంక చూశాను.

"ఏంది సాయిబూ, తప్పు వాళ్ళదేనా?" అన్నాడు నాన్న.

ఆయన దారాన్ని నెమ్మదిగా వేలికి చుట్టుకున్నాడు. "ఎదిగే పిల్లోడికి పెద్దదే మేలన్నా. ఉత్తరాలెందుకు, నేను కుదిస్తాగా. గుడ్డ చానా గట్టిది. మిగిలిన ముక్క కూడా దేనికన్నా పనికొచ్చిద్ది."

అలా ఉత్తరం రాసే పని తప్పింది. కానీ నేను కోరుకున్న ఓవరాలు నా కళ్ళముందే కత్తెర కిందికి పోయింది. తమ్ముడు దాన్ని మోకాళ్ళు చిరిగేదాకా వేసుకున్నాడు. ఆ తర్వాత గుడ్డకు కంట్రోలు వచ్చి, మనిషికింతని లెక్కగానే ఇవ్వడంతో క్యాటలాగు పలచబడింది. పిల్లల పేజీ మళ్ళీ కనిపించలేదు.

ఓవరాలు కుదించడానికి ఇచ్చిన నాలుగు రోజులకు అమ్మ నన్నొక్కదాన్నే టైలరు దగ్గరకు పంపింది. తమ్ముడి ఓవరాలుతోపాటు, మడత విప్పి పొడుగు చెయ్యమని ఇచ్చిన నా పరికిణీ కూడా తేవాలి. ఆయన రెండూ నా చేతిలో పెట్టాడు. పరికిణీ నడుము దగ్గర ఏదో మందంగా తగిలింది. తిప్పి చూశాను. లోపలివైపు ఖాకీ జేబు. పక్కన పెన్సిలు పట్టేంత సన్నటి అర.

ఎంత ఆపినా నాకు నవ్వు ఆగలేదు. ఆయన మిషను సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండానే అన్నాడు:

"ఒక్క జేబే వచ్చిందమ్మాయ్, కుదించగా మిగిలిన గుడ్డ చాల్లా. ఈసారి దారం ఇంకాస్త పొడుగు పెట్టు."