మంచు సముద్రపు బాతుకి కన్ను

పజుండౌంగ్‌లో వాగు ఒడ్డున ఉన్న మా ఇంటి ముందుగదే మా కుట్టుపని గది. వదిన ఎంబ్రాయిడరీ చేస్తుంది, నేను దారాలు అందిస్తాను, సణుగుతాను. తన్లిన్ రేవులో పనిచేసే అన్న వారానికోసారే ఇంటికొస్తాడు. ఆ ఉదయం నా సణుగుడికి కారణం ఉంది. మధ్యాహ్నం ఇళ్ళకి కుట్టుపని ఇచ్చే ఏజెంటు వచ్చి వదిన కుట్టిన నమూనా తీసుకువెళ్తుంది. అది నచ్చితే వదినకి ఇంట్లోనే పని. నచ్చకపోతే సోమవారం నుంచి లైంగ్‌థార్యార్ బట్టల ఫ్యాక్టరీ. తన పాలు తాగే చంటిపిల్ల నిద్ర లేవకముందే ఊరవతలికి పికప్ బండి ఎక్కాలి, అది పడుకున్నాక దిగాలి.

నమూనా ఒక బాతు. ఎక్కడో ఉత్తరాన మంచుగడ్డలు తేలే సముద్రంలో ఉంటుందట, అక్కడి పిల్లల చలికోట్ల మీద వేస్తారట. నీలం తల, లేతాకుపచ్చ బుగ్గలు, ఎర్ర ముక్కు, దాని మీద నారింజరంగు బుడిపె. మా వాగులో బురదరంగు బాతుల్ని చూసిన కళ్ళకి ఇది పెళ్ళికి ముస్తాబైనట్టుంది. ఇది మగదట. ఆడది మట్టిరంగు, తన రొమ్ము ఈకలే పీక్కుని గుడ్ల కింద పరుస్తుందని ఏజెంటు చెప్పింది. ఆ మాటకి వదిన ఒళ్ళోని పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

కరెంటు ఉన్న కాసేపట్లోనే మిషను మీద బాతు ఒళ్ళంతా కుట్టేసింది. కన్ను ఒక్కటే మిగిలింది. సూదితో నాలుగు పోగులు వేస్తే అయిపోయే పని. ఈవిడ లేచి స్నానానికి వెళ్ళింది.

గుడికి అమ్మవారి బట్టలు కుట్టే ఇల్లు మాది. నెమలైనా, చిలకైనా కన్ను ఆఖర్న పెడతాం, స్నానం చేసి, దీపం వెలిగించి. పెట్టాక, తొలిచూపు దాని మీదే పడేలా, దానికి ముందు అద్దం చూపిస్తాం. అమ్మవారి చీరకి అయితే సరే. కోటు మీది బాతుకి కూడానా? నాకు ఒళ్ళు మండిపోయింది. గుమ్మానికీ గదికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

"ఆలస్యం అమృతం విషం, వొదినా. ఆవిడొచ్చేత్తాది."

"రానీ. గుడ్డిబాతుని పంపుతామేటే?"

బాతు అద్దంలో చూసుకుంటూ ఉండగానే ఏజెంటు గుమ్మం ఎక్కింది.

ఆవిడ నమూనా పట్టుకుపోయాక, ఫోను మోగితే చాలు, పరిగెత్తేదాన్ని. ఆదివారం వదిన పిల్లకి సీసాపాలు అలవాటు చెయ్యబోయింది. అది మూతి తిప్పేసుకుంది. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం కబురొచ్చింది. పని మాకే. కన్ను మాత్రం కుట్టొద్దట, ఫ్యాక్టరీలో పూస అంటిస్తారట.

వదిన నల్లదారం ఉండ తీసి పక్కన పెట్టింది.

"కోటి విద్యలూ కూటికే గదా, వొదినా," అన్నాను.

"సరే," అంది. ఫ్యాక్టరీ తప్పింది. ఆ రోజు నుంచీ కుట్టిన బాతునల్లా బోర్లా పెట్టేది. అయినా రోజూ స్నానం, దీపం మానలేదు. నా మనసు మాత్రం కుదుటపడలేదు.

మొదటి కట్ట కట్టే రోజు ఏజెంటు బండి వచ్చేసింది. గబగబా సర్దుతుంటే ఒక బాతు వెనకవైపు కనబడింది. అస్తరు కప్పేసే చోట, సరిగ్గా కన్ను ఉండాల్సిన చోట, చిన్న నల్లదారం ముడి. ఇంకోటి తిప్పాను. దానికీ ఉంది. అన్నిటికీ ఉంది.

"ఇది ఎవులికి కనపడతాది, వొదినా?"

పిల్లకి పాలిస్తూ తల ఎత్తకుండానే అంది.

"మనకి కనపడక్కర్నేదు. దానికి ఇల్లు కనపడాల."

బయట ఏజెంటు హారన్ కొడుతోంది. నేను లేచి అద్దం తెచ్చాను.